దుంగ దాటని పాటగాళ్ళు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. నాకేం కోపం లేదు. ఇది మాత్రం మొత్తం వినండి. ఇందులో నేను ఆడిన అబద్ధం ఒక్కటే. తర్వాత జరిగిందంతా దాన్ని మోసినవాళ్ళ కష్టం.

మా ఊరు అరకు నుంచి అనంతగిరి పోయే రోడ్డు పక్కనే. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి పాటలు పాడుతూ కూర్చుంటారు. బస్సొచ్చినా, జీపొచ్చినా పండగ మామూలు కింద పదో పరకో ఇస్తేనే దుంగ జరుగుతుంది. పొద్దు వాలాక మగవాళ్ళు ఏదో ఒక జంతువుతో వస్తే విందు. ఉత్త చేతులతో వస్తే నెత్తిన పేడనీళ్ళు. విందయినా, పేడనీళ్ళయినా, అది అయ్యాక ఆ రోజుకి దుంగ తీసేస్తారు. మా అడవిలో ఇప్పుడు మిగిలినవి కుందేళ్ళే. మా వాళ్ళ గురి ఎలాంటిదో వాటికి బాగా తెలుసు. అందుకని ఏటా పేడనీళ్ళే.

తొంభై ఎనిమిదిలో నా మోకాళ్ళు వేటకి ఒప్పుకోలేదు. దుంగ పక్కనున్న పనసచెట్టు కింద మంచం వేయించుకుని పడుకున్నాను. ఆడవాళ్ళకి పెద్ద చిట్టెమ్మ. నా భార్యకి చెల్లెలు. నా భార్య పోయాక నన్ను తిట్టే పని కూడా తనే మీద వేసుకుంది.

పొద్దున్న పదింటికి ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. పైన తాళ్ళతో కట్టిన నల్ల పెట్టెలు, వెనక ఒక జనరేటరు. నలుగురు తెల్లవాళ్ళు దిగారు, ముగ్గురు మగవాళ్ళూ ఒకావిడా. అందరూ యాభైకి అటూ ఇటూ. వాళ్ళ నల్ల చొక్కాల వయసు ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆవిడ తల ఒక పక్క నున్నగా గొరిగి ఉంది, రెండో పక్క జుట్టు వంకాయ రంగులో ఉంది. చెవులకి వరసగా పిన్నీసులు.

"ఏటి బావా, ఆవిడికి జొరమొచ్చి జుట్టూడిపోనాదేటి?" అంది చిట్టెమ్మ.

"సగమే ఊడింది. సగం జొరమే వచ్చుంటాది," అన్నాను.

వాళ్ళ వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక మన మనిషి దిగాడు. పేరు భాస్కర్. విశాఖపట్నంలో ఒక సాంస్కృతిక సంఘంలో ఉద్యోగం. ఫ్రెంచి భాష నేర్చుకున్నాడు కాబట్టి వీళ్ళని వెంటబెట్టుకుని తిప్పే పని అతనికిచ్చారు. అరకులో రెండు రోజులు ఉంచి, ఇప్పుడు విశాఖ తీసుకుపోతున్నాడు. అతను పది రూపాయల నోటు తీసి చిట్టెమ్మకి ఇవ్వబోతుంటే ఆ వంకాయ జుట్టావిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఏదో అడిగింది. అతను నా మంచం దగ్గరికి వచ్చాడు.

"తాతగారూ, ఈవిడ సిమోన్ గారు, గాయని. రోడ్డు ఎందుకు ఆపారని అడుగుతున్నారు."

పండగ అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ మా ఊరివాళ్ళు నా మాట నమ్మడం మానేసి ముప్ఫై ఏళ్ళయింది. కొత్తగా నలుగురు దొరికారు.

"సమ్మె," అన్నాను.

"ఎవరి మీద?"

"మగోళ్ళ మీద. మాంసం తెస్తామని మాటిచ్చి తేనేదు. తెచ్చేదాకా దుంగ తియ్యరు."

"ఎప్పుడిచ్చారు మాట?"

"మా ముత్తాత ఇచ్చాడు."

భాస్కర్‌కి మా పండగ సంగతి తెలియదు, నా సంగతి అసలే తెలియదు. ఉన్నదున్నట్టు వాళ్ళ భాషలో చెప్పేశాడు. సిమోన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పోయి చిట్టెమ్మని కావలించుకుంది. చిట్టెమ్మ రెండు చేతులూ పైకెత్తి, ఆవిడ భుజం మీదుగా నా వైపు చూసింది.

"బావా. ఈవిడికి నువ్వేటి సెప్పినావు?"

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నలుగురూ దుంగ వెనక ఆడవాళ్ళ మధ్యన కూర్చుని ఉన్నారు.

అప్పుడు భాస్కర్ నా మంచం పట్టె మీద కూలబడి వాళ్ళ చరిత్ర చెప్పాడు. ఆ బృందం పేరుకి తెలుగులో అర్థం 'చల్లారిన సూపు'. ఇరవయ్యొక్కేళ్ళ కిందట ఓడలు కట్టే ఒక ఫ్యాక్టరీలో కూలీలకి చల్లారిన సూపు పోస్తున్నారని సమ్మె జరిగిందట. వీళ్ళు నలుగురూ ఆ కూలీలే. గేటు దగ్గర డబ్బాలు వాయిస్తూ తిట్లు పాటగా కట్టారు, అలా పుట్టింది బృందం. దానికి పంక్ అని పేరట. అంటే మూడు నిమిషాల్లో ముగిసే పాట, ఎవరో ఒక పెద్దమనిషిని తిట్టాలి, చెవులు పగలాలి.

"సమ్మె గెలిచారా మరి?" అన్నాను.

"గెలిచారండి. సూపు వేడిగా పోశారు. ఆరు నెలలకి ఫ్యాక్టరీ మూసేశారు."

అప్పటినుంచీ వాళ్ళకి ఒక కట్టుబాటు. సమ్మె చేస్తున్నవాళ్ళు గీసిన గీత చచ్చినా దాటరు. ఒకసారి వాళ్ళ ఊళ్ళో పోస్టుమేన్లు సమ్మె చేస్తే, బయటి మనుషులు పంచిన ఉత్తరాలన్నీ సిమోన్ విప్పకుండా పొయ్యిలో వేసేసింది. అందులో ఒకటి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని డ్రమ్ములు వాయించే బెర్నార్ రాసింది. ఆవిడకి ఇప్పటికీ ఆ సంగతి తెలియదట.

"మళ్ళీ రాయలేదేటి?"

"రాయలేదు. సమ్మెకి తాను కూడా మద్దతిచ్చానన్నాడు."

నాకు నవ్వాగలేదు. భాస్కర్ నవ్వలేదు. అతని బాధ అతనిది. సాయంత్రం ఏడింటికి విశాఖలో ఈ నలుగురూ స్టేజీ ఎక్కాలి. అతనికి ఇద్దరు పిల్లలు, ఉద్యోగం వచ్చి ఏడు నెలలు. కిందటి నెల ఒక హరికథ భాగవతార్‌గారిని తీసుకురమ్మంటే ఆయన్ని స్టేషన్లోనే వదిలేసి ఆయన పెట్టె మాత్రం తెచ్చాడట. ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికి పొమ్మని సంఘం కార్యదర్శిగారు ముందే చెప్పారు.

"ఘాట్ దిగి విశాఖ చేరాలంటే నాలుగు గంటలు. రెండున్నరకి బయలుదేరకపోతే నా పని అయిపోయినట్టే తాతగారూ. దుంగ తియ్యమని చెప్పండి."

చిట్టెమ్మ మంచి మనిషి. సంగతి వినగానే పది రూపాయలు కూడా వద్దంది. తనే లేచి దుంగ పక్కకి దొర్లించింది. "బేగి ఎల్లండి, మీకు పున్నెముంటాది."

సిమోన్ లేచి దుంగని మళ్ళీ రోడ్డుకి అడ్డంగా దొర్లించింది. మా కోసం మీ పోరాటం వదులుకోవద్దని చెప్పమంది. చిట్టెమ్మ మళ్ళీ తీసింది. ఆవిడ మళ్ళీ పెట్టింది. మా వీధి మొత్తం పనులు మానుకుని చూస్తుండగా ఆ దుంగ ఆరుసార్లు అటూ ఇటూ పోయింది. ఈలోగా ఒక బస్సు వచ్చి ఆగితే, గిటారు వాయించే ఇద్దరూ దాని ముందు చేతులు పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు మామూలిస్తానంటే తీసుకోలేదు. అతను హారను కొట్టీ కొట్టీ, విసుగొచ్చి దిగి చింతచెట్టు నీడకి పోయి పడుకున్నాడు.

"ఈల్లు పండగంతా ఇక్కడే ఉంటారేటి బావా," అంది చిట్టెమ్మ. "ఆవిడ నా సెయ్యి ఒగ్గడం నేదు. ఉచ్చకి ఎల్లాలన్నా కూడా వొచ్చేత్తంది."

ఇక లాభం లేదని భాస్కర్‌ని పక్కకి పిలిచి నిజం ఒప్పుకున్నాను. ఇది సమ్మె కాదు, పండగ అన్నాను. అతను నన్ను చూసిన చూపు ఇప్పుడు చెప్పను. పరిగెత్తుకుపోయి సిమోన్‌కి చెప్పాడు. తిరిగొచ్చేటప్పటికి అతని మొహం ఇంకా వాడిపోయింది.

"నమ్మలేదండి. ఇది ఉత్త ఆచారమే, కోపమేం లేదు అని యజమానులు ఎప్పుడూ అంటారంట. నన్ను యజమానుల మనిషినంటోంది."

చూశారా. అబద్ధాన్ని ఒక్క ముక్కలో నమ్మినావిడ, నిజానికి సాక్ష్యం అడుగుతోంది. నాకు ఇది కొత్త కాదు గానీ, తిరగబడి వచ్చి నాకే తగలడం కొత్త.

టైము పదకొండున్నర. మిగిలిన దారి ఒక్కటే. మగవాళ్ళు అడవి నుంచి రావాలి. వాళ్ళొస్తే మాంసమో, పేడనీళ్ళో ఏదో ఒకటి తేలిపోతుంది, సమ్మె ముగిసిందని ఆవిడకి చూపించొచ్చు. కానీ వాళ్ళు పొద్దు వాలకుండా రారు. వస్తే ఏం కాచుకుని ఉందో వాళ్ళకి తెలుసు. మనిషిని పంపిద్దామంటే రెండు కొండల అవతల ఎక్కడున్నారో ఎవరికి తెలుసు.

నా కళ్ళు వ్యాను మీదున్న నల్ల పెట్టెల మీద పడ్డాయి.

"భాస్కర్‌బాబూ, ఆ పెట్టెల్లోంచి సప్పుడు ఎంత దూరం ఎల్తాది?"

"పోయినేడు ఒక ఊళ్ళో వాయిస్తే పక్క ఊరి పోలీసులొచ్చారంట."

"అయితే సాలు."

వేటలో అడవికి ఒక పక్కనుంచి చప్పుడు చేసి జంతువుల్ని తోలడం మా దగ్గర ఉన్న పద్ధతే. ఊరి వెనక బోడిమెట్ట ఎక్కి వాయిస్తే మగవాళ్ళకి సాయం చేసినట్టవుతుంది, మాంసం దొరికి సమ్మె ముగుస్తుంది అని చెప్పించాను. సిమోన్ సంతోషంగా లేచింది. కానీ వాళ్ళలో పెద్ద అంటూ ఎవరూ లేరు. నలుగురూ చెయ్యెత్తితేనే ఏ పనైనా. గిటార్లవాళ్ళిద్దరూ ఆకలి మీదున్నారు, మాంసం మాట వినగానే ఎత్తారు. సిమోన్ ఎత్తింది. బెర్నార్ ఎత్తలేదు.

బెర్నార్ పదిహేనేళ్ళుగా మాంసం ముట్టడట. గుడ్డు కూడా తినడు. ఆడవాళ్ళ కోరిక న్యాయమే, కానీ ఈ తగాదాలో కుందేలు ఏ పక్షంలోనూ లేదు, దాన్ని ఎలా ఇస్తారు అన్నాడు. సిమోన్ జవాబు చెప్పింది. అతను దానికి జవాబు చెప్పాడు. గిటార్లవాళ్ళు తలో పక్కా చేరారు. ముప్పావుగంట గడిచింది. భాస్కర్ వాచీ చూసుకుంటూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు, అనువదించడం ఎప్పుడో మానేశాడు.

"దెబ్బలాడుకుంటన్నారేటి?" అంది చిట్టెమ్మ.

"నేదు. వోటింగు."

"మన పంచాయతీ ఎలచ్చన్లే నయం. సారా తాగేసి బేగి ఏసేత్తారు."

నేను కర్ర పట్టుకుని లేచి, భాస్కర్‌ని లాక్కుని బెర్నార్ దగ్గరికి పోయాను. ఆ పూట నేను చెప్పిన నిజాల్లో ఇది రెండోది.

"అయ్యా, నువ్వా డ్రమ్ము వాయించావంటే ఈ మండలంలో ఒక్క కుందేలు కూడా నిలబడదు. ఒరిస్సా ఎల్లిపోతాయి. మావోళ్ళకి ఈక కూడా దొరకదు."

బెర్నార్ నన్ను కాసేపు పరీక్షగా చూశాడు. తర్వాత చెయ్యెత్తాడు. జంతువులు దొరకాలని ఆవిడా, దొరక్కూడదని ఈయనా ఒక్క తీర్మానానికే ఒప్పుకున్నారు. ఇలాంటివి ఢిల్లీలో జరుగుతాయని విన్నాను గానీ కళ్ళారా చూడటం అదే.

జనరేటరుకి వాసం కట్టి మా ఆడవాళ్ళే మోశారు. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నెత్తిన పెట్టుకుని మెట్ట ఎక్కారు. నన్ను మంచంతో సహా ఎత్తుకుపోయారు, నేనడగలేదు. కింద పడేద్దామనే ఎత్తుంటుంది చిట్టెమ్మ, మనసు మార్చుకుంది.

పన్నెండున్నర దాటాక మొదలెట్టారు.

ఆ చప్పుడు ఎలాంటిదో చెప్పాలంటే, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడుతుండగా లోపల ఇద్దరు తోడికోడళ్ళు గిన్నెలు విసురుకుంటున్నట్టు ఉంటుంది. మొదటి దెబ్బకి ఊళ్ళో కోళ్ళన్నీ ఇళ్ళ కప్పులెక్కాయి. రెండో పాటకి పనసచెట్టు నుంచి మూడు కాయలు రాలాయి. కిరండోలు పాసింజరు రైలు సొరంగంలోంచి బయటికి రావడానికి భయపడి అరగంట లోపలే ఉండిపోయిందని విన్నాను. విన్నది నా నోటి నుంచే.

సిమోన్ పాడుతుంటే మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మంచి గొంతని అనలేను. కానీ అబద్ధమాడే గొంతు కాదది, నాకు తెలుస్తుంది. ఆ పాటకి అర్థమేమిటని భాస్కర్‌ని అడిగాను.

"మేస్త్రీగారూ, మీ కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి, నాలుగోది మా దగ్గరుంది అని. తర్వాతది చెప్పనండి, ఆడవాళ్ళున్నారు."

పాడుతున్నది ఆడదే. చిట్టెమ్మా వాళ్ళూ అప్పటికే భుజాల మీద చేతులేసుకుని వరస కట్టేశారు. మా థింసా అడుగుకి ఆ డ్రమ్ము ఎక్కడా కలవదు. కలవకపోయినా ఆడేశారు. డ్రమ్ము తప్పు అన్నారు.

ఒకటిన్నరకి అడవి అంచున పొదలు కదిలాయి. ఒక్క జంతువు రాలేదు. మా మగవాళ్ళు వచ్చారు. నలభై మంది, ముందు చిట్టెమ్మ మొగుడు సోమన్న, ఒంటి మీద గోచీ సగం ఊడి, చేతిలో విల్లు లేకుండా పరిగెత్తుకొస్తున్నాడు. పాట ఆగింది.

"ఏటయినాది?" అని వగరుస్తూ అడిగాడు. "కొండ ఇరిగిపోతందనుకున్నాం. ఊరు మిగిలిందా?"

"నీ విల్లేదిరా?" అన్నాను.

"ఒగ్గేసినాను."

"మరి వేట?"

సోమన్న చిట్టెమ్మ వైపు చూశాడు. చిట్టెమ్మ అప్పటికే మెట్ట దిగిపోతోంది. పేడనీళ్ళ కుండలు పొద్దున్నే కలిపి సిద్ధంగా ఉంచుతారు, మా ఆడవాళ్ళకి మగవాళ్ళ మీద అంత నమ్మకం.

నా మంచం, పెట్టెలు, జనరేటరు మగవాళ్ళ చేతే కిందికి మోయించి, వాళ్ళని దుంగ దగ్గర వరసలో నిలబెట్టారు. సిమోన్ మొహం చిన్నబోయింది. "అయితే ఇచ్చిన మాట ఈసారి కూడా నెరవేరలేదా?" అని అడిగించింది. చిట్టెమ్మకి అప్పటికి సంగతి అర్థమైంది. నన్ను ఒక చూపు చూసి, సిమోన్‌కి తీరిగ్గా చెప్పింది.

"నేదమ్మా. నెరవేరనేదు కాబట్టి ఇప్పుడు శిచ్చ. ఇది పోసేత్తే ఈ ఏటికి లెక్క సరి. దుంగ తీసేత్తాం."

మొదటి కుండ సోమన్న నెత్తిన పడింది. సిమోన్ చూసింది. రెండోది, మూడోది చూసింది. తర్వాత అన్న మాట భాస్కర్ చెప్పాడు: "మా దేశంలో మాట తప్పినవాళ్ళకి మళ్ళీ వోట్లు వేస్తాం. పేడనీళ్ళ సంగతి మాకెవరికీ తోచలేదు." పోయి ఒక కుండ అందుకుంది. గురి బాగుంది. మా మగవాళ్ళకంటే చాలా బాగుంది.

టైము రెండుంబావు. భాస్కర్ వ్యాను తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు బెర్నార్ చెయ్యెత్తాడు.

"మళ్ళీ ఏమిటి?" అన్నాడు భాస్కర్.

మేము కూడా వేటకి సాయంగా కొండెక్కి ఉత్త చేతులతో దిగాం, అందరికీ ఒకే న్యాయం ఉండాలి అంటున్నాడట బెర్నార్. నలుగురి చేతులూ ఒక్క క్షణంలో లేచాయి. వరస చివర వెళ్ళి నిలబడ్డారు. భాస్కర్ చిట్టెమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, బేగి పొయ్యండమ్మా. ఒకేసారి పోసెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"నువ్వూ ఎక్కినావు కదా కొండ," అంది చిట్టెమ్మ. ఆ నలుగురికీ తలో కుండ అయ్యాక ఇస్త్రీ చొక్కా మీద అరకుండ పోసింది, పిల్లలున్న మనిషని కాస్త జాలి చూపించి. మిగతా అరకుండ పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

"నేను వేటకి ఎల్లనేదు కదే," అన్నాను.

"నువ్వెల్లనేదు బావా. నీ నోరు ఎల్లింది."

పోసేసింది.

మా ఊరి నీళ్ళు కొండ మీది ఊటలోంచి వస్తాయి, చైత్రంలో ఊట సన్నగా ధారకడుతుంది. ఒక్క మనిషి తల తడవాలంటేనే అరగంట. కడుక్కోవడానికి టైము లేదు. రెండూ ఇరవై ఎనిమిదికి వ్యాను కదిలింది, అద్దాలన్నీ దించేసి. సిమోన్ పిడికిలి ఎత్తి చూపించింది. మా ఆడవాళ్ళూ ఎత్తారు. ఎందుకో తెలియకపోయినా పాపం, అంత దూరం వచ్చిన మనిషి కదా.

మిగతాది వానలు పడ్డాక భాస్కర్ పిల్లల్ని తీసుకుని మా ఊరు చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పాడు. ఏడుకి ఐదు నిమిషాలుండగా హాలు చేరారట. అలాగే స్టేజీ ఎక్కేశారు. నాలుగు గంటలు ఎండలో మగ్గిన పేడ, మూసిన హాలు, పైన లైట్ల వేడి. రెండో పాట అయ్యేసరికి ముందు వరసల సోఫాల్లోని పెద్దమనుషులంతా లేచి వెళ్ళిపోయారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ రిక్షావాళ్ళూ కాలేజీ పిల్లలూ వచ్చి ఆ సోఫాల్లో కూర్చున్నారు. ముందు వరసలు పెద్దలకి కేటాయించొద్దని సిమోన్ ఇరవయ్యొక్కేళ్ళుగా ప్రతి ఊళ్ళోనూ పోట్లాడుతోందట, జరగడం ఇదే మొదలట. ఇంకో గంట ఎక్కువ పాడింది.

"మరి నీ ఉద్యోగం?" అన్నాను.

పాటలయ్యాక కార్యదర్శిగారు అతన్ని తీసెయ్యడానికే వచ్చారట. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నాలుగు బారల దూరంలో ఆగి ఏదో అన్నారు. రుమాల్లోంచి మాట బయటికి రాలేదు. ఏమన్నారో వినపడక భాస్కర్ వినయంగా ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. భాస్కర్ మళ్ళీ ముందుకు వెళ్ళాడు. అలా హాలు దాటి, మెట్లు దిగి, గేటు దాకా పోయాక ఆయన కారెక్కి తలుపేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న మాట్లాడదామని భాస్కర్‌ని ఆఫీసుకి రమ్మన్నారట. అతను స్నానం చెయ్యకుండా వెళ్ళాడు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు.